ఆ చివరి బెండు ఎప్పుడు విప్పుతారు?

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు చుడుతుండగా ఫోను మోగింది. శాన్ డియాగో నుంచి మా పిన్ని కూతురు. పిండి చేతులతోనే ఫోను గోడకు ఆనించి బొమ్మ చూశాం. ఏడేళ్ళ పిల్ల. ఒంటికి నల్లటి రబ్బరు తొడుగు. కాలి మడమకు తాడు. తన కంటే జానెడు పొడుగున్న పలక మీద బోర్లా పడుకుని రెండు చేతులతో నీళ్ళను వెనక్కి లాగింది. వెనక నుంచి అల వచ్చింది. చటుక్కున లేచి నిలబడింది. నాలుగైదు క్షణాలు నిలబడిందేమో, ఢామ్మని పడింది. పడి, లేచి, ఉప్పునీళ్ళు ఉమ్మేసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

"అక్కా, చూసినవా! మెత్త పలక మీదికెల్లి అసలు పలక ఎక్కింది నీ బిడ్డ!" అని మా చెల్లెలు ఒకటే మురిసిపోవడం.

ఇక్కడ సకినాల గుడ్డ చుట్టూ కూర్చున్న ఏడుగురు ఆడవాళ్ళలో మురిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"దానికేమన్న బుద్ధున్నదా? పిల్లను సముద్రంల ఏసి ఫోటో తీసుకుంట నిలవడ్డది" అంది పెద్దమ్మ. "మొఖమంత నల్లగైతది. రేపు పెండ్లెట్ల చేస్తదో ఏమో" అంది మా అత్తగారు. ఏడేళ్ళ పిల్లను గురించి! "మా వాణ్ణయితే కాలువ గట్టు మీదికి గూడ పోనియ్య. వానికి జలగండం ఉన్నదని అయ్యగారు చెప్పిండు" అంది మా వదిన.

వాడు పక్క గదిలోనే ఉన్నాడు. పదమూడేళ్ళవాడు. మొలతాడుకు రాగి తాయెత్తు. వాళ్ళ ఊరికి రెండు ఫర్లాంగుల దూరంలో కాలువ. ఆ కాలువ మీది వంతెన దాటి రోజూ సైకిలు మీద బడికి పోతాడు. వంతెనకు ఒకవైపు పిట్టగోడ లేదు.

ఈ నాలుగు మాటలూ మా వదినకు కోపం తెప్పిస్తాయని తెలుసు. అయినా రాస్తున్నాను.

జలగండం ఉందని తెలిసిన పిల్లవాడికి ఊళ్ళో అందరికంటే ముందు ఈత నేర్పాలా, వద్దా? అగ్నిగండం ఉందని చెబితే పొయ్యి ఆర్పేసి పిల్లవాణ్ణి పస్తు పడుకోబెడతామా? వాహనగండం ఉందంటే రోడ్డు దాటడం ఎట్లాగో మరీ జాగ్రత్తగా నేర్పుతాం కదా! ఒక్క నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మనకు తెలివి ఎందుకు చాలడం లేదు? నీళ్ళ దగ్గరికి పోకపోతే చాలుననుకుంటాం. నీళ్ళు మన దగ్గరికి రావా?

ఆ పలకల సంగతి మా చెల్లెలు తరవాత తీరిగ్గా చెప్పింది. మొదట ఇచ్చేది మెత్తటి పలకట. వెడల్పుగా, మందంగా ఉంటుంది. మీద పడ్డా దెబ్బ తగలదు. ఆ పలకల్ని లీటర్లలో లెక్కపెడతారట, అంటే అది ఎంత బరువును తేల్చగలదో ఆ లెక్కన్నమాట. లీటర్లు ఎక్కువైతే ఊగదు, మునగదు. పిల్లను నడుము లోతులో, విరిగిపోయిన అలల తెల్లటి నురగలోనే పెడతారు. వెనక నుంచి పెద్దవాళ్ళు తోస్తారు. ఏ అల ఎక్కాలో చెప్పేది పెద్దవాళ్ళే. కొన్నాళ్ళకు తోయడం మానేస్తారు. పిల్లే చేతులతో నీళ్ళు లాక్కుని, పిల్లే అలను అందుకోవాలి. ఆ పైన గట్టి పలక. అది సన్నం. లీటర్లు తక్కువ. తగిలితే దెబ్బ. కాబట్టి ముందు పడటం నేర్పుతారు. వెల్లకిలా చదునుగా పడాలి, పైకి తేలేటప్పుడు తలకు రెండు చేతులూ అడ్డం పెట్టుకోవాలి.

"మరి కాలికి తాడున్నది కదా, భయమేముంది?" అన్నాను.

"తాడు పలకను పోకుండ ఆపుతది గాని పిల్లను మొయ్యదక్కా. తాడు తెగితే ఈదుకుంటనే రావాలె. అందుకే ఈత వచ్చినంకనే పలక."

"పెద్ద పలక ఇవ్వాల్సిన రోజు వచ్చిందని నీకెట్లా తెలిసింది?"

"నేను తోస్తనని చూస్తలేదు. వెనక్కి తిరిగి అలను అదే చూసుకుంటున్నది. అప్పుడు తెలిసింది."

ఈ మాట విని నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఇది శాన్ డియాగో చదువు కాదు. ఇదే చదువు నల్లగొండకూ దేవరకొండకూ నడుమ ఉన్న మా మేనమామ ఊళ్ళో, మోట బావిలో, నేను సగం దాకా చదివాను.

మీలో నా ఈడువాళ్ళకు బెండ్లు గుర్తుండే ఉంటాయి. కిత్తనార పొదల నడుమ నిలువునా లేచే కాడను ఎండబెట్టి, మూరెడు మూరెడు ముక్కలు కోసి, తాటితో జత కట్టేవాళ్ళు. బరువుండవు. నీళ్ళల్లో మాత్రం మనిషిని మోస్తాయి. కొందరి ఇళ్ళల్లో ఎండిన సొరకాయ బుర్ర, మరికొందరి దగ్గర లారీ ట్యూబు. మా మామది బెండ్ల పద్ధతి. నడుము వెనక మూడు బెండ్లు. నడుముకు మోకు. మోకు రెండో కొస బావి మెట్ల మీద కూర్చున్న మామ చేతిలో. మొదటి వారం మూడు బెండ్లు. కాళ్ళాడించడం వచ్చాక రెండు. బెండు నడుమును పైకెత్తి పెడుతుంది, అంచేత కాళ్ళు ఎట్లా కొట్టినా ముందుకే పోతాం. ఒక బెండు తీయగానే నడుము కిందికి జారుతుంది, గడ్డం నీళ్ళల్లో మునుగుతుంది, అప్పటిదాకా వచ్చిందనుకున్న ఈత సగం ఉత్తదేనని తెలుస్తుంది. మళ్ళీ నాలుగు రోజులు తంటాలు. ఆ నాలుగు రోజులే అసలు ఈత!

మా మామ ఎన్నడూ మాకు తెలియకుండా బెండు తీయలేదు. తీసిన బెండును మా చేతికే ఇచ్చి గట్టు మీద పెట్టి రమ్మనేవాడు. మోసం చేసి నేర్పితే పిల్ల నీళ్ళనే కాదు, మనిషిని కూడా నమ్మదని ఆయనకు ఎవరు చెప్పారో! చదివింది నాలుగో తరగతి.

1990 ఎండాకాలం సెలవులయ్యేసరికి మా తమ్ముడికి మూడు బెండ్లూ పోయాయి. నాకు ఒక్కటి మిగిలింది. "వచ్చే ఏడు అదిగూడ తీస్త బిడ్డా" అన్నాడు మామ. వచ్చే ఏటికి నేను పెద్దమనిషినయ్యాను. ఎవరూ నన్ను ఈతకు పోవద్దనలేదు, అది గమ్మత్తు. మగపిల్లలు బావికి పోయే వేళకు సరిగ్గా నాకు ఏదో ఒక పని తగిలేది. చింతపండు గింజ తీయడమో, చిన్నత్త పిల్లను ఎత్తుకోవడమో. బావిలోంచి దభీ దభీమని దూకిన చప్పుళ్ళు వినబడుతుండేవి. నేను గింజలు తీస్తుండేదాన్ని.

ఆ చివరి బెండు ముప్పై ఏళ్ళకు పైగా నా నడుముకు అట్లాగే ఉండిపోయింది.

సరే, నా గోడు పక్కన పెడదాం. తరవాత మా నేలకు ఏం జరిగిందో చూడండి. బోర్లు వచ్చాయి. ఒకరిది రెండొందల అడుగులైతే పక్కవాడిది మూడొందలు. మోట బావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. (నల్లగొండ బోర్లు నీళ్ళతో పాటు ఫ్లోరైడును కూడా పైకి తెచ్చి ఎందరి ఎముకలు వంచాయో ఇంకో పెద్ద కథ.) ఎండిన బావుల్లో చెత్త పోశారు, తుమ్మలు మొలిచాయి. పాలమూరు వైపు మా అత్తగారి ఊళ్ళో అయితే పనికోసం జనమే వలసపోయారు, బావి దగ్గర పిల్లలకు నేర్పే మామలెవరు మిగిలారు? ఒక తరం పిల్లలు నీళ్ళు లేకుండా పెరిగారు. ఈత మరిచిపోయారనడం కూడా తప్పు. నేర్చుకుంటే కదా మరవడానికి!

ఆ తరవాత నీళ్ళు తిరిగి వచ్చాయి. పుట్టంగండి దగ్గర సాగర్ వెనక నీళ్ళను ఎత్తి అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ వచ్చింది. పానగల్లు ఉదయసముద్రం నిండింది. అటు ఎల్లూరు దగ్గర శ్రీశైలం వెనక నీళ్ళు ఎత్తి కల్వకుర్తి పథకం వచ్చింది. జూరాల, నెట్టెంపాడు, భీమా. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీశారు. సంతోషమే! మా పెద్దమ్మ కాలువలో మొదటిసారి నీళ్ళు చూసి పసుపు కుంకుమలు వేసి ఏడ్చింది. నీళ్ళకు ఏడ్చిన జాతి మాది.

కాని తిరిగి వచ్చిన నీళ్ళు మనకు తెలిసిన నీళ్ళు కావు. మోట బావికి మెట్లుండేవి. పాత చెరువు మెల్లగా, అడుగు అడుగుగా లోతయ్యేది. బర్రెను కడిగే పిల్లవాడికి తన చెరువులో ఎక్కడ మోకాలు లోతో, ఎక్కడ గొంతు లోతో తెలుసు. మట్టి, మొరం తవ్వుకుపోయిన చెరువులో మోకాలు లోతు పక్కనే నిలువు లోతు గుంత ఉంటుంది. పైకి నీళ్ళు ఒక్కతీరుగానే కనబడతాయి. కాలువైతే మరీ ఘోరం. సిమెంటు పూసిన ఏటవాలు గట్లు, దాని మీద పాచి. దిగడం తేలిక, ఎక్కడానికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాడే గట్టుకు గోళ్ళు గీరుకుంటూ కొట్టుకుపోతాడు.

అన్ని నీళ్ళు తెచ్చిపెట్టి, పిల్లల చేతికి ఏమిచ్చాం? "అటు పోకు" అన్న ఒక్క ముక్క. అంతే!

పోకుండా ఉంటారా? ఏప్రిల్ ఎండలో పదమూడేళ్ళ మగపిల్లవాడు, పక్కన నలుగురు దోస్తులు, ఎదురుగా పారే నీళ్ళు. మీ "అటు పోకు" అక్కడ ఎంతసేపు నిలుస్తుంది? ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఒకడు కాలుజారి పడితే వాణ్ణి తీయబోయి రెండోవాడు, రెండోవాణ్ణి తీయబోయి అక్క. మన దేశంలో ఏటా ముప్పై వేలమందికి పైగా నీళ్ళల్లో పోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలే చెబుతున్నాయి. లోకం మొత్తం మీద 2021లో దాదాపు 3 లక్షల మంది. 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల చావులకు ఇది మూడో పెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పోలియో చుక్కలకు ఊరూరా తిరిగి తలుపు తట్టాం. దీనికి ఎవరు ఏ తలుపు తట్టారు?

ఇంకో సంగతి. మునిగేవాళ్ళు సినిమాలో లాగా చెయ్యెత్తి "కాపాడండి" అని అరవరు. ఊపిరికే నోరు చాలకపోతే అరుపెక్కడిది? చప్పుడు లేకుండా పోతారు. పక్కన బట్టలుతికే తల్లికి కూడా తెలియదు. అంచేత "పక్కనే ఉన్నాం కదా" అనేది కూడా ధైర్యం కాదు, చూపు తిప్పకుండా ఉంటే తప్ప.

ఇప్పుడు రెండో రకం పెద్దమనుషుల సంగతి. "ఈత నేర్పుడేంది? నన్ను మా నాయిన బాయిల ఇసిరేసిండు. నాకు రాలేదా?" అని మీసం దువ్వుకునే మగమహారాజులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అయ్యా, మీకు వచ్చింది కాబట్టి ఈ మాట చెప్పడానికి మిగిలారు. రానివాడు వచ్చి చెప్పడు కదా! పైగా అట్లా తోసేయబడి బతికినవాళ్ళల్లో ఎంతమంది ఆ తరవాత నీళ్ళ మొహం చూడలేదో మా చినమామను అడగండి. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా చెంబుతోనే స్నానం.

మూడో రకం మన పట్నవాసులు. వేసవి శిబిరంలో నెలకు ఇంత అని కట్టి, పిల్ల రెండు చేతులకూ గాలి సంచులు తొడిగి, నీలం నీళ్ళల్లో నిలబెట్టి, నలభై ఫోటోలు తీసి, ఈత నేర్పించేశామని పదిమందికీ చెప్పుకునేవాళ్ళు. ఆ గాలి సంచులు పిల్లను నీళ్ళల్లో నిలువునా నిలబెడతాయి. ఈదేవాళ్ళు నిలువుగా ఉంటారా, అడ్డంగా ఉంటారా? నా కూతుర్ని నేనూ అట్లాంటి చోటే చేర్పించాను, రెండు వేసవులు. మూడో ఏడు చుట్టాలింటి తొట్టిలో చేతులకు సంచులు లేవన్న సంగతి మరిచి దూకేసింది. నీళ్ళు మోస్తాయనే అనుకుంది పాపం! మా తమ్ముడు జుట్టు పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది. తప్పు నేర్పినవాళ్ళదని నేననను. సంచులు ఎప్పుడు విప్పుతారని రెండేళ్ళల్లో ఒక్కసారి కూడా అడగని తల్లిది.

నా వాదం ఇక్కడే ఉంది. బెండు కట్టడం ప్రేమే. కాని బెండు కట్టింది విప్పడానికి. ఎప్పుడు విప్పాలో రోజూ చూస్తూ ఉండటం అంతకంటే పెద్ద ప్రేమ, పెద్ద చాకిరీ కూడా. పిల్లను నీళ్ళకు దూరంగా దాచిన తల్లికి ఆ చాకిరీ లేదు. బావిలోకి తోసేసిన తండ్రికీ లేదు. ఇద్దరూ ఒకటే బద్ధకస్తులు. ఒకరిది భయం ముసుగు, ఇంకొకరిది ధైర్యం ముసుగు.

"ఈత వస్తే మాత్రం చావరా? మొండి ధైర్యం పెరుగుతుంది" అంటారు. ఈ మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటాను. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద నిలబడిన మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని పైనున్న డ్యాం వదిలిన నీళ్ళు తుడుచుకుపోయాయి. అంత వరదలో ఎంత ఈతగాడైనా ఏం చేస్తాడు? కాని నీళ్ళ దగ్గర పెరిగినవాళ్ళకు నీళ్ళ మీద భయం కూడా తెలుస్తుంది. మా మామ ఈతతో పాటు నేర్పింది అదే. రంగు మారిన నీళ్ళల్లో దిగొద్దు, తెలియని నీళ్ళల్లో తలకిందులుగా దూకొద్దు, ఒక్కరే పోవద్దు. ఏమీ నేర్పకుండా పెట్టే భయం వేరు, నేర్పి పెట్టే భయం వేరు. శాన్ డియాగో పిల్లకు లేచి నిలబడటం కంటే ముందు పడటం నేర్పారని చెప్పానే!

పేదవాళ్ళకు ఎట్లా కుదురుతుంది అంటారా? బంగ్లాదేశ్ మన కంటే ధనిక దేశమేమీ కాదు. అక్కడ పల్లె చెరువులోనే వెదురు గడలతో వేదిక కట్టి, 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు నేర్పారు. 25 మీటర్లు ఈదాలి, అర నిమిషం తేలాలి, మునిగేవాళ్ళకు గట్టు మీది నుంచే ఏదైనా అందించాలి. ఇంతే పాఠం. నేర్చుకున్న పిల్లల్లో నీళ్ళ చావులు బాగా తగ్గాయని 2012లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. మనకు వెదురు లేదా? చెరువు లేదా? 2014లో మన గురుకుల పాఠశాలల పిల్లలు, పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఆమెతో ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కి వచ్చారు. వాళ్ళకు మొదటి పాఠాలు మన భువనగిరి గుట్ట మీదే. గుట్ట ఎక్కించగలిగిన బళ్ళు చెరువు దాటించలేవా?

ఇక ఆడపిల్ల. నల్లబడుతుంది, జుట్టు పాడవుతుంది, బట్టలు ఒంటికి అంటుకుంటాయి. ఈ మూడు మాటలకూ నేను జవాబు చెప్పను, చెప్పాలంటే కోపం వస్తుంది. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై డ్యాం దగ్గర యువకులు నీళ్ళల్లో మునిగిపోతుంటే, బట్టలుతకడానికి వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు ఒంటి మీది చీరలు విప్పి, ముడేసి విసిరారు. ఇద్దరిని గట్టెక్కించారు. ఇద్దరు అప్పటికే మునిగిపోయారు. నీళ్ళ ఒడ్డున ఎక్కువసేపు ఉండేది ఎవరు? బట్టలుతికేది, బర్రెను కడిగేది, బిందె ముంచేది, నాటుకు పోతూ కాలువ దాటేది? మనమే కదా! మరి ఈత మగవాళ్ళ చదువు ఎట్లా అయింది? హవాయి దీవుల్లో, ఈ అలల పలకలు పుట్టిన చోట, కాహుమాను అనే రాణే పలకెక్కి అలలమీద వచ్చేదట. తరవాత మతబోధకులు వచ్చి ఆ ఆటే అసహ్యమన్నారు. అక్కడా మాట్లాడింది బట్టల గురించే!

2021 మార్చిలో హైదరాబాద్ నుంచి గోలి శ్యామల అనే ఆవిడ పాక్ జలసంధి ఈదింది. అప్పటికి ఆమెది నలభై దాటిన వయసు. ఆ వార్త చదివిన రోజు పేపరు మడిచి దాచుకున్నాను. మా ఆయన అడిగితే చీటీపాట ప్రకటన అన్నాను.

పండుగ వెళ్ళాక మా మేనమామ ఊరు వెళ్ళాను. మామ లేడు. బావి ఉంది. కాలువ పుణ్యమా అని ఊటలు తేరి, మూడు మెట్లు మిగిల్చి నీళ్ళు నిలబడ్డాయి. మా తమ్ముడు తుమ్మలు కొట్టించాడు, మెట్ల మీది పాచి గీకించాడు. కొత్త మోకు కొన్నాం. కిత్తనార కాడలు ఇప్పుడెక్కడ దొరుకుతాయో వెతకాలి. దొరక్కపోతే మూతలు బిగించిన నూనె డబ్బాలు. ఆరేళ్ళు దాటిన పిల్లలు మాత్రమే. ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషి, చెయ్యి చాస్తే అందే దూరంలో. ఉగాది వెళ్ళిన ఆదివారం మొదలు. ముందు మా అమ్మాయి, తరవాత నేను. నాకు ఒక్క బెండే కట్టమని తమ్ముడితో చెప్పాను. వాడు మూడు కడతానంటున్నాడు.

మొన్న రాత్రి మా వదిన ఫోను చేసింది. చాలాసేపు పప్పుల ధరలు మాట్లాడింది. ఆఖరికి అడిగింది.

"వాన్ని పంపుతగాని, ఆ తాయెత్తు నీళ్ళల్ల తడిస్తే ఏం కాదుగదా?"

"ఏం కాదొదినె. రాగి కదా."

"మరి... చిన్నదాన్ని గూడ తోలుమంటవా? దానికేం బట్టలెయ్యాలె?"

"పాత టీషర్టు, మోకాళ్ళ దాక ప్యాంటు. చున్నీ మాత్రం ఇంట్లనే పెట్టిరమ్మను. మెడకు చుట్టుకుంటది."